దెబ్బతిన్న పాత రివాల్వర్ బాగు చేయించాలా, వద్దా: పరీక్షించి తేల్చుకున్న నా అనుభవం

ఆరు అరల డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ తనే వెనక్కి వెళ్లి కొట్టే రకం) రివాల్వర్. .357 మాగ్నం, మధ్య సైజు ఉక్కు ఫ్రేమ్, నాలుగంగుళాల బారెల్. అమ్మే మనిషి చెప్పిన జబ్బులు మూడు. సిలిండర్, అంటే తూటాల అరలు ఉండి గిర్రున తిరిగే భాగం, తెరుచుకోవడానికి మొండికేస్తోంది. హ్యామర్‌ని (తూటాని పేల్చే సుత్తిని) మెల్లగా వెనక్కి లాగితే రెండు అరలు సరిగ్గా కుదురుకోవడం లేదు. పదింటిలో ఒకటి రెండు తూటాలు పేలడం లేదు. వీటికి తోడు పైన గీతలు, కర్ర పిడి అంచుల వెంట తుప్పు.

ఈ జాబితా వినగానే చాలామంది ఇది పాత ఇనుము కిందే లెక్క అంటారు. నేను మాత్రం ముందు ఆ జాబితాని పక్కన పెడతాను. పైకి కనబడి విసిగించే లోపాలు చాలావరకు చిన్న భాగాలకు సంబంధించినవి. వాటిని మార్చుకోవచ్చు. రివాల్వర్ ప్రాణం తీసే లోపాలు వేరే ఉంటాయి, అవి చప్పుడు చేయవు: బారెల్ వెనక అంచు కింద వెంట్రుకవాసి పగులు, ఒక అర గోడలో కాస్త ఉబ్బు, మంటల్లో పడి బిగువు పోయిన ఉక్కు. అలాంటిది ఒక్కటి ఉన్నా మిగతా లెక్కలు వేయడం దండగ. అందుకే ఫ్రేమ్, సిలిండర్, బారెల్ మూడూ తేలాకే అమ్మే మనిషి చెప్పిన జబ్బుల దగ్గరికి వెళ్తాను.

చేతిలోకి తీసుకోగానే సిలిండర్ తెరిచి ఆరు అరలూ కళ్లతో చూసి, వేలితో తడిమి, బారెల్‌లోంచి వెలుతురు చూశాను. పరీక్ష చేసే గదిలో అసలు తూటాలే ఉండకూడదు. పరీక్షకి కావలసిన డమ్మీ తూటాలు వేరే డబ్బాలో ఉంటాయి, అవి రంగులో కూడా తేడాగా ఉండాలి. తర్వాత సీరియల్ నంబరు చూశాను. అది గీకేసి ఉన్నా, కొట్టి చెరిపేసినట్టున్నా పరీక్ష అక్కడితో ఆగిపోతుంది, దాన్ని కొనకూడదు. కాగితాల్లో ఉన్న నంబరు, ఫ్రేమ్ మీది నంబరు ఒక్కటేనా అని అంకె అంకె చదవాలి. పాత వాటిలో చాలావాటికి అదే నంబరు సిలిండర్ వెనక ముఖం మీద, బారెల్ అడుగున కూడా ఉంటుంది. అవి కలవకపోతే ఎప్పుడో ఆ భాగం మార్చారని అర్థం. మార్చడం తప్పేమీ కాదు గానీ ఆ సిలిండర్ ఈ ఫ్రేమ్‌తో పుట్టింది కాదు కాబట్టి కొలతలు ఇంకా జాగ్రత్తగా తీయాలి. దీనికి మూడు చోట్లా ఒకే నంబరు ఉంది.

పగుళ్లు వెతికే ముందు శుభ్రం చేయాల్సిందే. మసి, సీసం పేరుకున్న చోట పగులు కనబడదు, లేని పగులు ఉన్నట్టూ కనబడుతుంది. సాల్వెంట్‌తో తడిపి పావుగంట వదిలేసి, కంచు బ్రష్‌తో అరలు, బారెల్ తోమాను. ఫోర్సింగ్ కోన్ అంటే బారెల్ వెనక మూతి, గుండు సిలిండర్‌లోంచి దూకి బారెల్‌లోకి దూరే గరాటు. అక్కడ సీసం పొరలా అతుక్కుని ఉంది. ఇత్తడి జాలీ ముక్కని రబ్బరు గుబ్బకి చుట్టి తిప్పితే ఆ పొర రేకుల్లా ఊడి వచ్చింది.

అరల్లో ఇంకొక విషయం తేలింది. ప్రతి అరలోనూ ముందు భాగంలో నల్లటి వలయం ఉంది, .357 ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం) వేస్తే అక్కడికొచ్చి ఆగిపోతోంది. తెలియనివాళ్లు దీన్ని అర దెబ్బతిందని అనుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే ఇందులోనే కాల్చగలిగే పొట్టి తూటా .38 స్పెషల్ కేసు పొడవు 1.155 అంగుళాలు, .357 మాగ్నం కేసు 1.290 అంగుళాలు. పొట్టి తూటాలు ఎక్కువగా కాల్చితే వాటి మూతికి ముందున్న ఆ 0.135 అంగుళాల మేర మసి, సీసం గట్టిపడిపోతాయి. దాని మీద పొడుగు కేసు కూర్చోదు. రెండు విడతలు తోమితే వలయం పోయింది, కేసులు వాటంతటవే జారాయి. ఇది నాకు మంచి గుర్తు కూడా. ఈ రివాల్వర్ ఎక్కువ కాలం తక్కువ పీడనపు తూటాలే కాల్చిందన్న మాట. .38 స్పెషల్‌కి గరిష్ఠ పీడనం 17,000 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), .357 మాగ్నంకి 35,000. రెట్టింపు కన్నా ఎక్కువ తేడా. ఉక్కు మీద పడిన అరుగుదల కూడా ఆ మేరకు తక్కువే ఉండాలి.

ఇప్పుడు ఫోర్సింగ్ కోన్. ఎక్కువసేపు పట్టిందీ, పట్టాల్సిందీ ఇక్కడే. సిలిండర్ పక్కకి తెరిచి, బారెల్ వెనక మూతిని టార్చ్ వెలుతురులో పది రెట్ల భూతద్దంతో చుట్టూ చూడాలి. గడియారం ముఖంగా ఊహించుకుంటే ఆరు గంటల చోట మరీ జాగ్రత్తగా చూడాలి. అమెరికన్ కంపెనీ స్మిత్ అండ్ వెసన్ వారి మధ్య సైజు కే ఫ్రేమ్ .357లు, అంటే 1955లో వచ్చిన కంబాట్ మాగ్నం (తర్వాత మోడల్ 19 అయింది), దాని స్టెయిన్‌లెస్ జోడీ మోడల్ 66, అలాగే 13, 65, వీటన్నిటిలో క్రేన్ (సిలిండర్‌ని పక్కకి తెరిచే చేయి) మూసుకోవడానికి చోటు కోసం బారెల్ మూతి అడుగున కొంత లోహం చదునుగా కోసేశారు. అక్కడ గోడ మిగతా చుట్టు కన్నా పల్చన. గుండు బరువు 110, 125 గ్రెయిన్లు మాత్రమే ఉండే తేలికపాటి, వేగమైన మాగ్నం తూటాలు ఎడతెగకుండా కాల్చితే వేడి వాయువు, ఇంకా కాలని మందు రేణువులు అక్కడే కొట్టి కొట్టి ఆ పల్చటి గోడ చీలుతుంది. ఈ ఇబ్బందికి జవాబుగానే 1980లో కాస్త పెద్దదైన ఎల్ ఫ్రేమ్ వచ్చింది. దానిలో బారెల్ మూతి అడుగున ఆ కోత లేదు.

నా చేతిలో ఉన్నదానికీ ఆ చదును కోత ఉంది. భూతద్దంలో ఆరు గంటల దగ్గర సన్నని గీత కనబడింది. గుండె ఆగినంత పనైంది. అయితే పగులు, గీత ఒకటి కావు. సూది మొనతో మెల్లగా అడ్డంగా గీస్తే, పగులైతే మొన తట్టుకుంటుంది. అయినా కంటినీ సూదినీ నమ్ముకుని తీర్పు చెప్పకూడదు. వెల్డింగ్ పరీక్షలకి వాడే డై పెనెట్రెంట్ కిట్ తీసుకున్నాను. జిడ్డు లేకుండా తుడిచి, ఎర్ర రంగు పూసి పది నిమిషాలు వదలాలి. తర్వాత గుడ్డతో పూర్తిగా తుడిచేసి (నేరుగా బారెల్ మీద క్లీనర్ కొట్టకూడదు, పగుల్లోకి దిగిన రంగు కూడా కడిగేస్తుంది), తెల్ల డెవలపర్ పల్చగా కొట్టాలి. పగులుంటే ఐదారు నిమిషాల్లో తెలుపు మీద ఎర్రటి దారం పైకి తేలుతుంది. ఏమీ తేలలేదు. అది కోత యంత్రం వదిలిన గీత. ఇదే పరీక్షని ఫ్రేమ్‌లో బారెల్ మర దిగే చోట, అడుగు వైపున కూడా చేశాను. అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న చిన్న రివాల్వర్లలో బారెల్ అతిగా బిగించినప్పుడు పగిలేది సరిగ్గా అక్కడే, ఆ పగులుకి మరమ్మతు లేదు. ఇది ఉక్కు ఫ్రేమ్, అక్కడా శుభ్రంగా ఉంది.

కోన్ పగిలి ఉంటే బారెల్ మార్చాలి. పాత కే ఫ్రేమ్ .357లకి వేసిన ఒంటి ముక్క బారెళ్లు ఇప్పుడు తయారవడం లేదు. ఎవరో విప్పిన పాతది దొరికితేనే. కాబట్టి ఆ పగులు కనబడి ఉంటే నేను ఇక ముందుకి వెళ్లేవాణ్ణి కాదు. బారెల్ ఇప్పటికీ దొరికే మోడల్ అయితే మాత్రం అదే పగులుకి తీర్పు వేరుగా ఉంటుంది. లోపం ఎంత పెద్దదన్నది ఒక్కటే చాలదు, భాగం దొరుకుతుందా లేదా అన్నది కూడా చూసుకోవాలి.

టాప్ స్ట్రాప్ (సిలిండర్ పైనుండే ఫ్రేమ్ పట్టీ) అడుగున, సిలిండర్‌కి బారెల్‌కి మధ్య ఖాళీకి సరిగ్గా పైన, వాయువు కోసిన సన్నని గాడి ఉంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ మాగ్నంలలో ఇది మామూలే. కొంత లోతు పడ్డాక సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. దానికి నేను మార్కులు తగ్గించను.

బారెల్ లోపల తెల్ల కాగితం మీద వెలుతురు పడేలా పట్టుకుని ముందు మూతి నుంచి చూశాను. మందు తక్కువ పడి ఒక గుండు బారెల్‌లోనే ఇరుక్కుపోయి, వెనకాలే ఇంకొకటి కాల్చి ఉంటే బారెల్‌లో ఉంగరంలాంటి నల్లటి నీడ కనబడుతుంది. అది ఉబ్బు. అనుమానం ఉంటే బిగుతుగా ఉండే గుడ్డ ముక్కని కడ్డీతో నెడుతూ పోవాలి. ఉబ్బు దగ్గర చేతికి చటుక్కున వదులు తెలుస్తుంది. నెట్టినంతసేపూ ఒకే బిగువు ఉంది. బారెల్ లోపలి గాళ్ల అంచుల్లో రెండు మూడు చోట్ల పిన్ను తలంత తుప్పు గుంటలు ఉన్నాయి. బారెల్‌లో అలాంటివి ఉంటే సీసం కాస్త ఎక్కువ పట్టుకుంటుంది, అంతే. అవే గుంటలు అరల్లో ఉంటే ఇబ్బంది ఎక్కువ. పేలినప్పుడు ఇత్తడి కేసు వ్యాకోచించి ఆ గుంటల్లోకి పట్టేస్తుంది, తర్వాత కేసులు బయటికి రావు.

సిలిండర్ గోడల్లో అన్నిటికన్నా పల్చటి చోటు స్టాప్ (సిలిండర్‌ని ఆపే గొళ్లెం) పడే గాడి అడుగు. ఆరు అరల సిలిండర్లలో ఆ గాడి దాదాపు అర మీదుగానే పడుతుంది. మోతాదు మించి మందు నింపిన తూటా కాల్చితే లోపల నుంచి ఆ గాడి అడుగు ఉబ్బుతుంది. బయట గోటితో రాస్తే తెలుస్తుంది, లోపల వెలుతురులో మెరుపు మచ్చలా కనబడుతుంది. ఆరు గాళ్లూ ఒక్కొక్కటే చూశాను, ఉబ్బు లేదు. గాడి అంచులు మాత్రం ఒక వైపు కొద్దిగా పొంగి ఉన్నాయి. దాని కారణం తర్వాత తేలింది. ఒక్క అర ఉబ్బినా ఆ సిలిండర్ పారేయాల్సిందే. "మిగతా ఐదు అరలు వాడుకోవచ్చు" అనే మాట ఎవరన్నా వినకండి.

మంటల్లో పడ్డ రివాల్వర్‌ని గుర్తుపట్టడం కూడా ఈ దశలోనే. కొత్తగా బ్లూయింగ్ (ఉక్కుకి నీలి నలుపు రంగు ఎక్కించడం) చేసి అమ్మకానికి పెడితే పైకి బాగానే ఉంటుంది. అక్షరాల అంచులు కరిగినట్టు మసకబారడం, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలా పాలిష్ దిగిపోవడం చూస్తే మళ్లీ రంగు వేశారని తెలుస్తుంది. రంగు వేయడం వేరు, కాలడం వేరు. కాలినదానిలో స్ప్రింగులు బలం పోయి మెత్తబడి ఉంటాయి, పిడి కింద రంగు వేయని మూలల్లో పొలుసు ఉంటుంది. ఉక్కుకి ఇచ్చిన హీట్ ట్రీట్‌మెంట్ పోయిందని అనుమానం వస్తే దాన్ని కాల్చకూడదు, బాగు చేయించకూడదు. దీని స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి. హ్యామర్, ట్రిగ్గర్ల మీద కేస్ హార్డెనింగ్ (ఉక్కు పైపొరని గట్టిపరచడం) రంగుల చారలు అలాగే ఉన్నాయి. ఇక అమ్మే మనిషి చెప్పిన జబ్బుల దగ్గరికి రావచ్చు.

సిలిండర్ తెరుచుకోకపోవడానికి కారణం రెండు నిమిషాల్లో దొరికింది. ఎజెక్టర్ రాడ్ (ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే కడ్డీ) మర వదులై ముందుకి జరిగింది. రాడ్ పొడుగైతే ముందున్న లాకింగ్ బోల్ట్‌లోంచి బయటికి రాదు, సిలిండర్ పట్టేస్తుంది. నయాపైసా భాగం అవసరం లేని లోపం ఇది, అయినా దీనికి భయపడి ఎంతమంది మంచి రివాల్వర్లని వదులుకున్నారో. బిగించేటప్పుడు మాత్రం ఒక సంగతి తెలిసి ఉండాలి. కనీసం మూడు అరల్లో ఖాళీ కేసులు పెట్టుకోవాలి. అప్పుడు బలం కేసుల మీద పడుతుంది. కేసులు లేకుండా తిప్పితే ఆ బలమంతా నక్షత్రం ఆకారంలో ఉండి కేసుల అంచుల్ని పట్టి బయటికి తీసే ఎక్స్‌ట్రాక్టర్‌ని నిలబెట్టే సన్నటి పిన్నుల మీద పడుతుంది, అవి వంగుతాయి. స్మిత్ అండ్ వెసన్ తర్వాతి కాలపు రాడ్లకి ఎడమ చేతి మర ఉంటుంది. వాటిని మామూలు దిశలో బిగించబోతే ఇంకా ఊడుతుంది. రాడ్‌ని తోలు ముక్క చుట్టి పట్టుకోవాలి, ప్లయర్ పళ్లు నేరుగా పడకూడదు. బిగించాక సిలిండర్ తెరిచి గిర్రున తిప్పి రాడ్ కొన చూశాను. కొన వృత్తం గీస్తే రాడ్ వంగినట్టు. ఇది నిలకడగా ఉంది.

సినిమాల్లో చేసినట్టు మణికట్టు విదిలించి సిలిండర్‌ని ఠపీమని మూసే అలవాటు ఉన్నవాళ్ల దగ్గర క్రేన్ వంగి ఉంటుంది. మూసినప్పుడు క్రేన్‌కి ఫ్రేమ్‌కి మధ్య అతుకు గీత పైనుంచి కిందికి సమానంగా ఉందా లేదా చూడాలి. బారెల్ వెనక మూతి దగ్గర ఖాళీని ఎడమ వైపు నుంచి, కుడి వైపు నుంచి విడివిడిగా కొలవాలి. రెంటికీ తేడా ఉంటే క్రేన్ వంగిందేమో చూడాలి, లేదా బారెల్ ముఖం వంకరగా ఉందేమో చూడాలి. వంగిన క్రేన్‌ని సరిచేయడానికి అమరిక చూసే ప్రత్యేక పనిముట్టు కావాలి, అది గన్‌స్మిత్ దగ్గరే ఉంటుంది. బల్ల మీద పెట్టి సుత్తితో కొట్టి సరిచేసే పని కాదు.

ఇక కొలతలు. ఫీలర్ గేజ్ (ఖాళీలు కొలిచే సన్నటి రేకులు) తీసుకున్నాను. నేను థౌలలో చెబుతాను, ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.025 మి.మీ. సిలిండర్‌కి బారెల్‌కి మధ్య ఖాళీ 4 నుంచి 10 థౌల మధ్య ఉంటే వాడుకోవచ్చు, 6 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు. 12 దాటితే గుండు వేగం పడిపోతుంది, పక్కలకి మంట, సీసం తునకలు ఎక్కువ చిమ్ముతాయి.

చాలామంది ఇక్కడే మోసపోతారు. గేజ్ దూర్చి 4 థౌలు చూసి చాలా బాగుందని సంబరపడతారు. సిలిండర్ ముందుకీ వెనక్కీ ఆడుతూ ఉంటే ఆ 4 అనేది ముందుకి నెట్టుకున్నప్పటి కొలత మాత్రమే. అందుకే రెండుసార్లు కొలవాలి. సిలిండర్‌ని వేలితో వెనక్కి నొక్కి పట్టి కొలిస్తే ఇక్కడ 9 థౌలు వచ్చింది. ముందుకి నొక్కి పట్టి కొలిస్తే 4. ఈ రెంటి తేడా 5 థౌలు, అదే ఎండ్ షేక్. 2 థౌల దాకా పట్టించుకోనక్కర్లేదు. 5 అంటే ప్రతి పేలుడుకీ సిలిండర్ ముందుకీ వెనక్కీ సుత్తిలా కొట్టుకుంటోందని అర్థం, అది ఆగకపోతే రోజురోజుకీ పెరుగుతుంది.

దీనికి మందు సులువే. క్రేన్ గొట్టం కొనకి, సిలిండర్ లోపలి మెట్టుకి మధ్య 2 థౌల మందం ఉన్న ఉక్కు వాషర్లు (షిమ్‌లు) వేస్తారు. రెండు వేస్తే 4 థౌలు తగ్గి, ఆట 1 థౌకి వస్తుంది. షిమ్ సిలిండర్‌ని వెనక్కి నెడుతుంది కాబట్టి బాగుచేశాక మిగిలే ఖాళీ 4 కాదు, 8–9 థౌలు. అందువల్ల కొనే ముందు నిర్ణయించాల్సింది వెనక్కి నొక్కినప్పటి అంకెతో. అది 14 ఉండి ఉంటే షిమ్‌లు వేసినా లాభం లేదు. బారెల్ విప్పి, భుజం కోసి, ఒక చుట్టు లోపలికి దింపి, వెనక మూతిని మళ్లీ కోసి కోన్ తీర్చాలి. కే ఫ్రేమ్ బారెల్‌కి అంగుళానికి 36 మరలు, కాబట్టి ఒక చుట్టుకి బారెల్ 28 థౌలు వెనక్కి వస్తుంది. తర్వాత మిగిలింది కోయాలి, ఎజెక్టర్ రాడ్ దగ్గర కూడా సర్దాలి. అది పెద్ద పని, మామూలు రివాల్వర్ విలువ దాన్ని మోయలేదు.

వెనక వైపు హెడ్‌స్పేస్ కూడా చూశాను. .38/.357లకి సిలిండర్ వెనక ముఖానికి రికాయిల్ ప్లేట్‌కి (దాని వెనకుండే ఫ్రేమ్ గోడకి) మధ్య గన్‌స్మిత్‌లు 60 థౌల గేజ్ దూరాలనీ, 68 థౌల గేజ్ దూరకూడదనీ చూస్తారు. సిలిండర్ వెనక్కి నొక్కి పట్టినప్పుడు 60 దూరింది, 68 దూరలేదు. అంటే ఫ్రేమ్ సాగలేదు, అరిగింది క్రేన్ కొన మాత్రమే. సిలిండర్ ముందుకి ఉన్నప్పుడు ఇదే ఖాళీకి 5 థౌలు కలుస్తాయి. కొన్ని తూటాలు పేలకపోవడానికి ఇదొక కారణం. ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టే మొన) కొట్టిన దెబ్బలో కొంత బలం తూటానీ సిలిండర్‌నీ ముందుకి తోయడానికే పోతోంది.

రెండు అరలు కుదురుకోకపోవడాన్ని టైమింగ్ అంటారు. ట్రిగ్గర్‌కి అమర్చిన సన్నటి పట్టీ పేరు హ్యాండ్. అది సిలిండర్ వెనక పళ్లని పైకి నెట్టి తిప్పుతుంది. సరిగ్గా అర బారెల్‌కి ఎదురుగా వచ్చేసరికి కింది నుంచి స్టాప్ లేచి గాడిలో టక్కున పడాలి. హ్యామర్ పూర్తిగా వెనక్కి చేరేలోపే ఆ టక్కు వినబడాలి. పరీక్షించేటప్పుడు హ్యామర్‌ని చాలా మెల్లగా లాగుతూ, రెండో చేతి బొటనవేలితో సిలిండర్‌ని కొద్దిగా అడ్డగించాలి. గబుక్కున లాగితే సిలిండర్ తన వేగంతోనే గాడిలోకి వెళ్లిపోతుంది, లోపం దాక్కుంటుంది.

ఖాళీ అరలతో చూస్తే రెండు అరలు వెనకబడ్డాయి. అన్ని అరల్లో డమ్మీ తూటాలు పెట్టి మళ్లీ చూస్తే ఒక్కటే వెనకబడింది. కారణం ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం. అది తన పిన్నుల మీద కొద్దిగా ఆడుతుంది, తూటాల అంచులు పట్టుకుంటే స్థిరపడుతుంది. డమ్మీలు లేకుండా తీసిన టైమింగ్ తీర్పు సగం తీర్పే. ఆరు అరలూ ఒకే తీరున వెనకబడితే హ్యాండ్ అరిగినట్టు. ఒకటి రెండే వెనకబడితే ఆ అరల పళ్లు అరిగాయి, లేదా హ్యాండ్ అరుగుదల మొదట అక్కడ బయటపడుతోంది. భూతద్దంలో పళ్లన్నీ ఒకేలా ఉన్నాయి, హ్యాండ్ కొన గుండ్రబడింది. కాస్త మందంగా ఉండే ఓవర్‌సైజ్ హ్యాండ్ వేసి, ఆఖరి పన్నుకి సరిపోయేలా సానపడితే చాలు. నక్షత్రమే మార్చాల్సి వస్తే దాన్ని సిలిండర్‌కి తగ్గట్టు చేత్తో తీర్చాలి, ఖర్చు చాలా పెరుగుతుంది.

ఇందాక చెప్పిన గాడి అంచుల పొంగు దీనివల్లే. సిలిండర్ ఆలస్యంగా, వేగంగా వచ్చి స్టాప్‌ని గుద్దుకుంటుంటే గాడి అంచు నలుగుతుంది. ట్రిగ్గర్ చివరిదాకా నొక్కి పట్టి సిలిండర్ పక్కకి తిప్పి చూస్తే కొంచెం ఆడుతుంది. స్మిత్ అండ్ వెసన్ తరహాలో కొద్దిపాటి ఆట సహజం. మరో అమెరికన్ కంపెనీ కోల్ట్ వారి పాత రివాల్వర్లలో, 1955లో వచ్చిన పైథాన్ లాంటివాటిలో, ఆ స్థితిలో సిలిండర్ రాయిలా నిలవాలి. వాటి హ్యాండ్ ఆ క్షణంలో కూడా సిలిండర్‌ని అదిమి ఉంచుతుంది, కాబట్టి త్వరగా అరుగుతుంది. ఆ పని తెలిసిన చేతులు కూడా తక్కువ. కోల్ట్‌లో టైమింగ్ తప్పితే భాగం ఖరీదు కన్నా ముందు చేసే మనిషి ఎవరో తెలుసుకోవాలి.

అరకీ బారెల్‌కీ వరస కలుస్తోందా అని రేంజ్ రాడ్‌తో చూశాను. బారెల్ కొలతకి సరిపోయే ఈ కడ్డీని ముందు మూతి నుంచి దింపితే, ట్రిగ్గర్ నొక్కి పట్టిన స్థితిలో ప్రతి అరలోకీ తగలకుండా జారాలి. ఆరింటిలోనూ జారింది. తర్వాత హ్యామర్ వెనక్కి లాగి, ట్రిగ్గర్ ముట్టకుండా, బొటనవేలితో హ్యామర్‌ని ముందుకి గట్టిగా తోశాను. జారి పడితే ఎవరో ట్రిగ్గర్ తేలిక చేద్దామని హ్యామర్‌ని పట్టి ఉంచే గాడిని సానపట్టారని అర్థం, అలాంటిది కాల్చడానికి ప్రమాదం. ఇది జారలేదు.

ఆఖరున సైడ్ ప్లేట్, అంటే లోపలి భాగాల్ని కప్పే పక్క మూత. స్క్రూ తలలు చెదిరి ఉన్నాయంటే లోపల ఎవరిదో రాని చెయ్యి పడింది. ఇక్కడ రెండు తలలు అలా చెదిరే ఉన్నాయి. గాడికి అచ్చంగా సరిపోయే, మొన సమాన మందం ఉన్న స్క్రూడ్రైవర్‌తో విప్పాను. ప్లేట్‌ని ఎప్పుడూ మొనతో పైకి తన్నకూడదు, అంచు వంగి మళ్లీ కలవదు. ఫ్రేమ్ పిడి భాగాన్ని ప్లాస్టిక్ సుత్తి పిడితో మెల్లగా తడుతూ ఉంటే అదురుకి అదే లేస్తుంది.

లోపల రెండు విషయాలు కనబడ్డాయి. పిడి ముందు అంచున, మెయిన్ స్ప్రింగ్‌ని నొక్కి ఉంచే స్ట్రెయిన్ స్క్రూని కొన సానపట్టి పొట్టి చేశారు. ట్రిగ్గర్ తేలిక కావడానికి చేసే పాత చిట్కా ఇది. దెబ్బ బలం తగ్గి తూటాలు పేలకపోవడానికి అసలు కారణం ఇదే, ఎండ్ షేక్ దానికి తోడైంది. రెండోది, హ్యామర్ బ్లాక్ లేదు. ట్రిగ్గర్ వదిలి ఉన్నప్పుడు హ్యామర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య అడ్డంగా నిలిచే సన్నటి ఉక్కు పట్టీ అది. కింద పడినా పేలకుండా కాపాడేది అదే. తిరిగి బిగించేటప్పుడు అది జారుతూ ఇబ్బంది పెడుతుంది, అందుకని వదిలేసేవాళ్లున్నారు. అది లేని రివాల్వర్‌ని తూటాలతో నింపి ఎవరికీ ఇవ్వకూడదు. భాగం చవక, వేయడం పది నిమిషాల పని.

పిడి చెక్కలు తీస్తే కింద తుప్పు. నూనె, 0000 నంబరు స్టీల్ ఊల్‌తో రుద్దితే ఎర్రదనం పోయింది, లోతు లేని గుంటలు మిగిలాయి. చెక్కల కిందే కాబట్టి లెక్కలోకి తీసుకోను.

లెక్క ఇలా వేశాను. అదే మోడల్, మంచి స్థితిలో ఉన్నదాని ధర 100 అనుకుంటే దీనికి అడిగింది 45. రెండు షిమ్‌లు, ఓవర్‌సైజ్ హ్యాండ్, కొత్త స్ట్రెయిన్ స్క్రూ, హ్యామర్ బ్లాక్, రెండు సైడ్ ప్లేట్ స్క్రూలు కలిపి భాగాలకి 8. లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ కూలికి 17. మొత్తం 70. మొత్తం 75 లోపు ఉంటేనే నేను ఒప్పుకుంటాను. విప్పాక కొత్తగా ఏదో ఒకటి బయటపడుతుంది, దానికి ఆ మిగులు కావాలి. బ్లూయింగ్ ఈ లెక్కలో కలపను. దాని ఖర్చు అమ్మేటప్పుడు తిరిగి రాదు, పాత రివాల్వర్‌కి అసలు రంగే విలువ. బాగు చేయించాలనే తేల్చాను.

గన్‌స్మిత్‌కి ఇచ్చేటప్పుడు కొలతలన్నీ కాగితం మీద రాసి, పని వరస కూడా రాశాను. ముందు ఎండ్ షేక్, ఆ తర్వాతే టైమింగ్. షిమ్‌లు పడితే సిలిండర్ వెనక్కి జరుగుతుంది, హ్యాండ్ పళ్లని పట్టే చోటు మారుతుంది. టైమింగ్ ముందు సరిచేస్తే ఆ పని మళ్లీ చేయాల్సి వస్తుంది. తిరిగి వచ్చాక ముందుకి నొక్కితే 8, వెనక్కి నొక్కితే 9 థౌలు వచ్చింది. డమ్మీలతో ఆరు అరల్లోనూ హ్యామర్ చివరికి చేరకముందే టక్కు వినబడింది. రేంజ్‌లో ముందు ఒక్కో తూటా చొప్పున ఆరు .38 స్పెషల్ కాల్చి, ప్రతి కేసు మీద పిన్ను గుంట నడిమధ్యన లోతుగా ఉందో లేదో చూశాను. తర్వాత యాభై కాల్చి మళ్లీ ఫీలర్ గేజ్ పెట్టాను. అంకెలు కదల్లేదు. ఫోర్సింగ్ కోన్ ఆరు గంటల చోట ఇంకోసారి డై పూశాను, తెలుపు తెలుపుగానే ఉంది. దీనిలో 158 గ్రెయిన్ల మాగ్నంలే, అవీ అప్పుడప్పుడు. రోజువారీ సాధనకి .38లే వాడాలని దీని డబ్బా మీద రాసి పెట్టాను.